ల్యాప్‌టాప్ స్లో అయింది, స్కాన్‌లో ఏమీ దొరకలేదు: మాల్‌వేర్ ఉందో లేదో ఎలా తేల్చుకోవాలి?

విండోస్ 11, 8 జీబీ ర్యామ్ ఉన్న ల్యాప్‌టాప్ నెల రోజులుగా నత్తనడక నడుస్తోంది. ఏమీ తెరవకపోయినా ఫ్యాన్ మోత ఆగడం లేదు. క్విక్ స్కాన్‌లో ఏమీ దొరకలేదు. షాపులో మాత్రం వైరస్ ఎక్కింది, ఫార్మాట్ కొట్టాల్సిందే అంటున్నారు. మీరు అడిగింది ఇదీ. ఫార్మాట్‌కి అప్పుడే ఒప్పుకోకండి. రెండు మూడు గంటలు, ఫుల్ స్కాన్‌కు అవసరమైతే ఒక రాత్రి పెట్టుకుంటే ఇంట్లోనే చాలావరకు తేలిపోతుంది.

ముందు ఒక మాట. స్లో అవడం వేరు, మాల్‌వేర్ (వైరస్ లాంటి హానికర సాఫ్ట్‌వేర్) ఉండడం వేరు. నేను చూసినంతలో స్లో అయిన ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి కారణం వైరస్ కాదు. పైగా నిజంగా ప్రమాదమైన మాల్‌వేర్ చాలాసార్లు ల్యాప్‌టాప్‌ను స్లో చేయదు. మిషన్‌ను పీల్చేసేవి ప్రధానంగా క్రిప్టో మైనర్లు (మీ మిషన్‌తో దొంగచాటుగా క్రిప్టో కరెన్సీ సంపాదించేవి), యాడ్‌వేర్ (అడగని ప్రకటనలు చూపించేవి). బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డులు, లాగిన్ కుకీలు (మీరు లాగిన్ అయి ఉన్నారని సైటుకు చెప్పే చిన్న ఫైళ్లు) దోచే ఇన్ఫోస్టీలర్లు తమ పని కొద్ది నిమిషాల్లో ముగిస్తాయి. కొన్ని ఆ తర్వాత తమను తామే చెరిపేసుకుంటాయి. లుమ్మా అనే ఇన్ఫోస్టీలర్ 2025 మార్చి, మే మధ్య రెండు నెలల్లో 3,94,000కు పైగా విండోస్ కంప్యూటర్లలో చేరినట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. కాబట్టి వేగం తిరిగి వచ్చినంత మాత్రాన మాల్‌వేర్ లేదనుకోవద్దు. రెండు పరీక్షలూ విడివిడిగా చేయండి.

మొదట వేగం సంగతి. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాదు, రీస్టార్ట్ కొట్టండి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, పాత కర్నెల్ (విండోస్ మూలభాగం) స్థితినే డిస్క్‌లో దాచి మళ్లీ తెస్తుంది. రీస్టార్ట్ అయ్యాక ఛార్జర్ పెట్టి, ఏ ప్రోగ్రామూ తెరవకుండా పది నిమిషాలు వదిలేయండి. అప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. ఖాళీగా ఉన్న మిషన్‌లో సీపీయూ పది శాతం లోపు తచ్చాడుతూ ఉండాలి. ప్రాసెసెస్‌లో సీపీయూ, మెమరీ, డిస్క్ అనే శీర్షికల మీద ఒక్కొక్కటిగా నొక్కి, ఎక్కువ తినేది పైకి వచ్చేలా చూడండి.

డిస్క్ 100 శాతం చూపిస్తుంటే పెర్ఫార్మెన్స్‌లోకి వెళ్లి, డిస్క్ పేరు కింద హెచ్‌డీడీ అని ఉందో ఎస్‌ఎస్‌డీ అని ఉందో చూడండి. హార్డ్ డిస్క్ అయి, సెకనుకు రెండు మూడు ఎంబీ కూడా కదలకుండానే యాక్టివ్ టైమ్ 100 దగ్గర నిలబడి, రెస్పాన్స్ టైమ్ వందల మిల్లీసెకన్లలో ఉంటే అది డిస్క్ అలసట. డేటా వెంటనే బ్యాకప్ తీసుకుని ఎస్‌ఎస్‌డీ వేయించండి. ఏ యాంటీవైరసూ దాన్ని బాగుచేయలేదు. సీపీయూ స్పీడ్ 0.4 గిగాహెర్ట్జ్ లాంటి చోట అతుక్కుపోయి ఎంత పని ఇచ్చినా పైకి లేవకపోతే ఛార్జర్‌ను అనుమానించండి. ఒరిజినల్ కాని ఛార్జర్‌ను మదర్‌బోర్డ్ గుర్తించక ప్రాసెసర్‌ను కట్టేస్తుంది. సరిగా తెలియాలంటే ఛార్జర్ తీసి, బ్యాటరీ మీద నడిపి చూడండి. ఫ్యాన్ మోత, కింద కాలిపోయేంత వేడి, సీపీయూ వాడకం మాత్రం తక్కువ, ఇలా ఉంటే వేడిని లాగేసే హీట్‌సింక్‌లో దుమ్ము, ఎండిపోయిన థర్మల్ పేస్ట్. ఎండాకాలంలో మన దగ్గర ఇది మరీ ఎక్కువ.

కొన్ని పేర్లు చూసి భయపడొద్దు. యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ అంటే విండోస్‌తోనే వచ్చే యాంటీవైరస్, విండోస్ డిఫెండరే. విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్ అంటే అప్‌డేట్ పని నడుస్తోందని అర్థం. ఇవి గంటో రెండు గంటలో తిని తగ్గిపోవాలి, రోజంతా తింటుంటేనే సమస్య. ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ యాంటీవైరస్ గడువు తీరి కూడా అలాగే ఉందేమో చూసి, ఉంటే తీసేయండి.

ఇక మీ కేసులో నాకు అనుమానం కలిగించేది ఖాళీగా ఉన్నా తగ్గని ఆ ఫ్యాన్. మైనర్లలో కొన్ని టాస్క్ మేనేజర్ తెరవగానే ఆగిపోతాయి, మూసేయగానే మళ్లీ మొదలవుతాయి. మీరు తెరిచి చూస్తే అంతా ప్రశాంతంగా కనిపిస్తుంది. టాస్క్ మేనేజర్‌ను పది నిమిషాలు తెరిచి ఉంచండి, తర్వాత మూసి పది నిమిషాలు ఆగండి. తెరిచినప్పుడు ఫ్యాన్ నెమ్మదించి, మూసినప్పుడు మళ్లీ లేస్తుంటే, రెండు మూడు సార్లు అలాగే జరిగితే, అది గట్టి ఆధారం. అప్పుడు మైక్రోసాఫ్ట్ వాళ్ల సిస్‌ఇంటర్నల్స్ పేజీ నుంచి ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ దించుకోండి, నడుస్తున్న ప్రోగ్రాములను టాస్క్ మేనేజర్ కంటే వివరంగా చూపిస్తుంది. ఉచితం, ఇన్‌స్టాల్ అక్కర్లేదు. ఫైల్ పేరు వేరేది పెట్టి తెరవండి, ఎందుకంటే కొన్ని మైనర్లు దీని పేరు కోసం కూడా కాపలా కాస్తాయి. ఆప్షన్స్‌లో వెరిఫై ఇమేజ్ సిగ్నేచర్స్ (తయారీదారు డిజిటల్ సంతకాన్ని సరిచూసేది), చెక్ వైరస్‌టోటల్ (చాలా యాంటీవైరస్‌లతో ఒకేసారి పరీక్షించే సైట్) అనే రెండూ ఆన్ చేస్తే ఒక్కో ప్రాసెస్ పక్కన ఎన్ని యాంటీవైరస్ ఇంజన్లు దాన్ని పట్టుకున్నాయో అంకె వస్తుంది. డెబ్బైకి ఒకటో రెండో అంటే చాలాసార్లు పొరపాటే. పది, ఇరవై దాటితే నమ్మాల్సిందే.

ప్రాసెస్ పేరు కంటే అది ఎక్కడ నుంచి నడుస్తోందన్నది ముఖ్యం. పేరు మీద రైట్‌క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ కొట్టండి. ఎస్‌వీసీహోస్ట్ (విండోస్ సర్వీసులను నడిపే ప్రాసెస్) అనేది సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపలి సిస్టమ్32 నుంచి రావాలి. అదే పేరుతో టెంప్, యాప్‌డేటా, ప్రోగ్రామ్‌డేటా నుంచి వస్తుంటే మారువేషమే. అక్షరం అటూఇటూ మార్చి, ఓ అక్షరం బదులు సున్నా పెట్టి మోసం చేసేవీ ఉంటాయి. అలాగని యాప్‌డేటాలో ఉన్నదల్లా చెడ్డది కాదు. డిస్కార్డ్, విజువల్ స్టూడియో కోడ్ లాంటివీ మామూలుగా అక్కడే ఉంటాయి. ఇంకో తిరకాసు: ప్రాపర్టీస్‌లో డిజిటల్ సిగ్నేచర్ ట్యాబ్ కనిపించలేదని విండోస్ సొంత ఫైళ్లను డిలీట్ చేసేవాళ్లున్నారు. చాలా విండోస్ ఫైళ్ల సంతకం విడిగా క్యాటలాగ్‌లో ఉంటుంది, ఆ ట్యాబ్ రాదు. సంతకం సంగతి ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ చెప్పిందే తీసుకోండి.

తర్వాత ఆటోరన్స్, అదీ సిస్‌ఇంటర్నల్స్‌దే, విండోస్‌తో పాటు తమంతట తామే మొదలయ్యేవన్నీ చూపిస్తుంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, మైక్రోసాఫ్ట్ ఎంట్రీలను దాచమని, సంతకాలు తనిఖీ చేయమని పెట్టండి. గులాబీ రంగు వరసలంటే తయారీదారు సంతకం తేలనివి, పసుపు రంగువంటే ఎంట్రీ మిగిలి ఫైల్ లేనివి. లాగాన్, షెడ్యూల్డ్ టాస్క్స్, సర్వీసెస్, ఈ మూడూ తీరిగ్గా చూడండి. షెడ్యూల్డ్ టాస్క్స్ మాత్రం ఆ ఫిల్టర్ తీసేసి కూడా ఒకసారి చూడండి, ఎందుకంటే మాల్‌వేర్ తరచూ పవర్‌షెల్ (ఆదేశాలు నడిపే విండోస్ సాధనం) చేతే పని చేయించుకుంటుంది, పవర్‌షెల్ మైక్రోసాఫ్ట్‌దే కదా. పవర్‌షెల్ పక్కన అర్థంకాని అక్షరాల పొడుగాటి గొలుసు ఉంటే, లేదా ఎంఎస్‌హెచ్‌టీఏ (స్క్రిప్టులు నడిపే మరో విండోస్ ప్రోగ్రామ్) ఏదో వెబ్ అడ్రసును పిలుస్తుంటే, వెతుకుతున్నది దొరికినట్టే. వెంటనే డిలీట్ కొట్టొద్దు. టిక్ తీసేసి రీస్టార్ట్ చేయండి. ఏదైనా చెడితే మళ్లీ టిక్ పెట్టుకోవచ్చు. తీసిన టిక్ తనంతట తాను తిరిగి వస్తే, దాన్ని కాపాడే ఇంకో ప్రాసెస్ ఉందన్నమాట.

ఇక మీ క్విక్ స్కాన్ ఎందుకు ఖాళీగా వచ్చి ఉండొచ్చో చూద్దాం. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్, మేనేజ్ సెట్టింగ్స్, అట్టడుగున ఎక్స్‌క్లూజన్స్. చాలామంది ఇక్కడికి రానేరారు, నన్నడిగితే ముందు తెరవాల్సింది ఇదే. ఇక్కడ రాసి ఉన్న ఫోల్డర్లను డిఫెండర్ ముట్టుకోదు. మీరు పెట్టని సీ డ్రైవ్ మొత్తమో, యాప్‌డేటానో, ప్రోగ్రామ్‌డేటానో ఉంటే ఎవరో తలుపు తీసిపెట్టారని అర్థం. క్రాక్ చేసిన ఆఫీస్, విండోస్ యాక్టివేటర్లు, డీటీపీ సాఫ్ట్‌వేర్ల ఉచిత కాపీలు, ఇవన్నీ యాంటీవైరస్ ఆపమనే అడుగుతాయి. ఆపిన ఆ కాసేపట్లోనే ఇది జరుగుతుంది. ఎక్స్‌క్లూజన్లు తీసేయండి, ట్యాంపర్ ప్రొటెక్షన్ (డిఫెండర్ సెట్టింగులను వేరే ప్రోగ్రాములు మార్చకుండా ఆపేది) ఆన్ చేయండి, అప్పుడు మళ్లీ స్కాన్ చేయండి.

ఈసారి క్విక్ స్కాన్ కాదు. స్కాన్ ఆప్షన్స్‌లో మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఉంటుంది. తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసుకుని నొక్కండి, మిషన్ రీస్టార్ట్ అయి, విండోస్ మొదలవకముందే వెతుకుతుంది. దాదాపు పావుగంట పడుతుంది. విండోస్ నడుస్తుండగా దాక్కునేవి అక్కడ దాక్కోలేవు. ఫలితం తెర మీద నిలవదు, తర్వాత ప్రొటెక్షన్ హిస్టరీలో చూసుకోవాలి. దాని తర్వాత ఫుల్ స్కాన్. ఎస్‌ఎస్‌డీ అయితే గంటో గంటన్నరో, హార్డ్ డిస్క్ అయితే రాత్రి పెట్టి పడుకోండి. రెండో అభిప్రాయానికి మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ గానీ మాల్‌వేర్‌బైట్స్ ఉచిత వెర్షన్ గానీ చాలు. సేఫ్టీ స్కానర్ దించుకున్న పది రోజులకు పనికిరాదు, ప్రతిసారీ కొత్తది దించాలి.

బ్రౌజర్‌ను విడిగా చూడాలి. మీరు పెట్టని ఎక్స్‌టెన్షన్లు తీసేయండి. తీయడానికి వీల్లేకుండా, మీ సొంత ల్యాప్‌టాప్‌లో క్రోమ్ మెనూ కింద మీ సంస్థ నిర్వహిస్తోంది అని కనిపిస్తే పాలసీ (ఆఫీసులు బ్రౌజర్‌పై పెట్టే నియమాలు) ద్వారా ఏదో ఎక్కింది (కొన్ని యాంటీవైరస్‌లు పెట్టినా ఆ మాట వస్తుంది, అది గుర్తుంచుకోండి). కుడివైపు మూలలో వైరస్ ఉంది అంటూ వచ్చే పాపప్‌లు చాలావరకు వైరస్ కావు, సినిమా డౌన్‌లోడ్ సైట్లలో పొరపాటున అలౌ నొక్కిన నోటిఫికేషన్లు. సైట్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ తెరిచి తెలియని పేర్లన్నీ తీసేస్తే ఆగిపోతాయి.

జిరాక్స్ సెంటర్‌లో పెన్‌డ్రైవ్ పెట్టి తెచ్చే అలవాటు ఉంటే అదీ చూడండి. లోపల ఫోల్డర్లు మాయమై షార్ట్‌కట్లు మాత్రమే మిగిలితే డబుల్‌క్లిక్ చేయకండి, చేస్తే మీ మిషన్‌కూ ఎక్కుతుంది. ఫైళ్లు పోలేదు, దాచి ఉన్నాయి. ఎక్స్‌ప్లోరర్‌లో దాచినవి, సిస్టమ్ ఫైళ్లు కనిపించేలా పెట్టి, స్కాన్ చేసి, డాక్యుమెంట్లు మాత్రం కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్‌ను ఫార్మాట్ చేయండి.

ఈమధ్య నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. నువ్వు రోబో కాదని నిరూపించు అంటూ విండోస్ బటన్, ఆర్ నొక్కి, కంట్రోల్ వీ, ఎంటర్ కొట్టమన్న పేజీలో అలా చేశారా? చేసి ఉంటే అది ఇన్ఫోస్టీలర్‌ను మీ చేతే నడిపించిన ఎత్తు. స్కాన్‌లో ఏమీ దొరక్కపోయినా పాస్‌వర్డులు పోయినట్టే లెక్క.

దొరికింది యాడ్‌వేరో బ్రౌజర్ ఎక్స్‌టెన్షనో అయితే తీసేస్తే సరిపోతుంది. మైనర్ అయితే దాన్ని ఎవరు తెచ్చారో తెలియాలి, తెలియకపోతే తీసేసినా నమ్మలేం. స్టీలర్, పీడబ్ల్యూఎస్ (పాస్‌వర్డ్ దొంగ), బ్యాక్‌డోర్ (బయటివాళ్లకు దొంగదారి) అన్న మాటలు గుర్తించిన పేరులో ఉంటే నెట్ తీసేయండి. ఫోన్ నుంచి ముందు మెయిల్ పాస్‌వర్డ్, తర్వాత బ్యాంకు, మిగతావి మార్చండి. పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన చాలదు, దొంగ కుకీతో లోపలే ఉండొచ్చు, అన్ని డివైసుల నుంచీ సైన్ అవుట్ కొట్టండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

స్టీలర్, బ్యాక్‌డోర్ లాంటివి దొరికినప్పుడు మాత్రం ఫార్మాట్ సరైనదే, కానీ శుభ్రమైన వేరే కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ మీరే తయారుచేసుకోండి. విండోస్‌తో కొన్న ల్యాప్‌టాప్ అయితే లైసెన్స్ కీ మదర్‌బోర్డ్‌లోనే ఉంటుంది, అదే ఎడిషన్ వేస్తే నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. యాక్టివేటర్ వేసి ఇస్తామనే చోట చేయిస్తే మళ్లీ మొదటికే. మొదలుపెట్టే ముందు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) రికవరీ కీ ఉందో చూసి రాసుకోండి. ఫోటోలు, డాక్యుమెంట్లు మాత్రమే బయటి డిస్క్‌కు తీయండి, సెటప్ ఫైళ్లు, జిప్ చేసిన సాఫ్ట్‌వేర్లు వద్దు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ డిస్క్ ఊడదీసి పెట్టి, లోపలి డిస్క్‌లోని పార్టిషన్లన్నీ, డీ డ్రైవ్‌తో సహా, డిలీట్ చేయండి. సీ ఒక్కటే ఫార్మాట్ చేస్తే డీలో ఉన్న పాత సెటప్ మీద ఒక్క డబుల్‌క్లిక్‌తో అదంతా తిరిగి వస్తుంది.