చర్చి గుమ్మం మీద తీర్పు దినం

ప్రశ్న: మాది బ్రహ్మంగారి మఠానికి దగ్గరి ఊరు. కాలజ్ఞానం చిన్నప్పటి నుంచీ వింటున్నాము. యాగంటి బసవన్న లేచి రంకె వేస్తే కలియుగం ముగుస్తుందన్న మాటా తెలుసు. మధ్యయుగాల యూరప్‌లో క్రైస్తవ కళాకారులు కూడా లోకాంతాన్ని విస్తారంగా చిత్రించారని ఈ మధ్య చదివాను. అవి ఎలా ఉంటాయి? జనాన్ని భయపెట్టడమే వాటి ఉద్దేశమా?
— ఒక పాఠకుడు, మైదుకూరు, కడప జిల్లా

జవాబు: భయపెట్టడం వాటి ఉద్దేశాలలో ఒకటి, అదొక్కటే కాదు. కాలజ్ఞానంలో మీరు వినే సూచనల వంటివి బైబిలు చివర ఉన్న ప్రకటన గ్రంథంలో కనిపిస్తాయి. పత్మాసు ద్వీపంలో యోహాను చూసిన దర్శనాలుగా చెప్పే ఆ గ్రంథంలో ఏడు ముద్రలు, ఏడు బూరలు, నలుగురు రౌతులు, ఏడు తలల ఘటసర్పం ఉన్నాయి. ఈ దర్శనాలను మధ్యయుగ చిత్రకారులు ఎక్కువగా చేతిరాత పుస్తకాలలో చిత్రించారు. మామూలు జనం చూసే చర్చి గుమ్మాల మీదా గోడల మీదా మాత్రం లోకం నాశనం కావడం కంటే, ఆ తరువాత చనిపోయినవారిని లేపి క్రీస్తు చెప్పే తీర్పుకే పెద్దపీట వేశారు.

పుస్తకాలలో ముందుగా చెప్పుకోవలసినవి స్పెయిన్ ప్రతులు. ఎనిమిదో శతాబ్దంలో లియేబానా మఠానికి చెందిన బెయాటుస్ ప్రకటన గ్రంథానికి వ్యాఖ్యానం రాయగా, తరువాతి శతాబ్దాలలో దాని ప్రతులను బొమ్మలతో నింపారు. పసుపు, ఎరుపు, నీలం పట్టీల మీద నీడ కూడా లేకుండా నిలబడిన ఆ బొమ్మలను చూస్తే ప్రళయం గుర్తుకు రాదు, పండుగే గుర్తుకు వస్తుంది. 975లో ముగించిన ఒక ప్రతిలో చిత్రకారిణిగా ఎండే అనే స్త్రీ పేరు ఉండడం విశేషం. పద్నాలుగో శతాబ్దం చివర ఫ్రాన్సులో ఆంజూ డ్యూకు మొదటి లూయీ ఇవే దర్శనాలను నూరు మీటర్లకు మించిన పొడవున తెరలుగా నేయించాడు. ఫ్రెంచి విప్లవకాలం తరువాత వాటి ముక్కలు నారింజ చెట్లకు చలి తగలకుండా కప్పడానికి కూడా ఉపయోగపడ్డాయి. (1000వ సంవత్సరం వచ్చేసరికి యూరప్ అంతా ప్రళయభయంతో వణికిపోయిందనే కథను మాత్రం నమ్మకండి, అది తరువాతివాళ్లు పెంచి చెప్పినదని చరిత్రకారులు చాలామంది అంటారు.)

మీ రెండో ప్రశ్నకు సూటియైన జవాబు ఫ్రాన్సులోని ఓతూన్ చర్చి పడమటి గుమ్మం మీద ఉంది. 1130 ప్రాంతంలో చెక్కిన ఆ శిల్పంలో నడుమ క్రీస్తు, మిగిలిన వారందరినీ మించిన పరిమాణంలో, కూర్చుని ఉంటాడు. మనకు చిత్రగుప్తుడి చిట్టా ఉన్నట్టే అక్కడ ఆత్మలను తూచే త్రాసు ఉంది. ఒకవైపు ప్రధానదూత మిఖాయేలు నిలబడగా, మరోవైపు దయ్యం తన తట్టను కిందికి లాగబోతుంది. కింది వరుసలో రెండు పెద్ద చేతులు మాత్రమే వచ్చి ఒక మనిషి తలను పట్టుకుంటాయి. ఆ చేతులు ఎవరివో శిల్పి చూపలేదు, అందుకే అవి దయ్యాలకన్నా ఎక్కువ భయపెడతాయి. లౌకిక భ్రాంతిలో చిక్కుకున్నవారిని ఈ భయం భయపెట్టుగాక అని శిల్పం మీదనే లాటిన్‌లో రాసి ఉంది. అయితే అదే వరుసలో, క్రీస్తుకు కుడివైపున, తీర్థయాత్ర గుర్తులున్న సంచులతో సమాధుల నుంచి ధైర్యంగా లేచేవారు కూడా ఉన్నారు. 1766లో దీన్ని మోటుగా భావించిన చర్చివారే పైన సున్నపు పూత పూయించారు. 1837లో ఆ పూత తీసేదాకా శిల్పం దాని కింద చాలావరకు క్షేమంగా ఉండిపోయింది.

ఈ తీర్పులో హోదాలకు మినహాయింపు లేదు. నరకం వైపున కిరీటాలు పెట్టుకున్నవారూ, మతాధికారులూ కనిపించడం సాధారణం. డబ్బుకు సంబంధించిన పాపానికి ప్రత్యేక శిక్ష ఉంటుంది. ఇటలీలోని పాదువాలో, 1305 ప్రాంతంలో జొట్టో చిత్రించిన గోడ ఇందుకు మంచి ఉదాహరణ. నాకు అన్నిటికన్నా ఇష్టమైనదీ అదే. ఆకాశం చుట్టబడిన గ్రంథంలా తొలగిపోతుందన్న ప్రకటన గ్రంథపు మాటను అక్షరాలా తీసుకుని, గోడ పై అంచున ఇద్దరు దేవదూతలు ఆకాశాన్ని నిజంగానే చుడుతున్నట్టు గీశాడు. కింద నరకంలో వడ్డీ వ్యాపారులు తమ డబ్బు సంచుల తాళ్లకే ఉరి వేలాడుతుంటారు. ఆ ప్రార్థనా మందిరాన్ని కట్టించిన ఎన్రికో స్క్రోవెన్యి పేరుమోసిన వడ్డీ వ్యాపారి కొడుకు. అతడు అదే గోడ మీద, మోక్షం పొందేవారి వైపున, మందిరపు నమూనాను మరియమ్మకు సమర్పిస్తున్నట్టు తన బొమ్మ వేయించుకున్నాడు.