తోడల్లుడి లాభం చూసి అప్పు చేయొచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. వరంగల్‌లో ఉద్యోగం. చేతికొచ్చే జీతం 62,000, ఇంటి లోన్ ఈఎంఐ 18,000. సంక్రాంతికి అత్తగారింట్లో భోజనాల దగ్గర మా తోడల్లుడు షేర్ మార్కెట్‌లో ఆప్షన్స్ (ముందు ముందు ధర ఎటు పోతుందో అని వేసే పందెం లాంటివి) ఆడి సంపాదించిన లాభాల స్క్రీన్‌షాట్ చూపించాడు. నేనూ మొదలుపెట్టాను. మొదటి వారం 40,000 వచ్చింది. తర్వాత 3.2 లక్షలు పోయాయి. ఇంట్లో తెలియదు. 3 లక్షలు పర్సనల్ లోన్ తీసుకుని పోయింది రాబట్టుకోవచ్చా?

జవాబు: వద్దండీ. 14 శాతం వడ్డీకి మూడేళ్ల లోన్ అంటే నెలకు దాదాపు 10,250 కట్టాలి. రెండు ఈఎంఐలు పోను ఇంటి ఖర్చుకు 34,000 కూడా మిగలదు.

ఈ లెక్క మీకూ తెలుసు. అయినా చెయ్యి ఆగడం లేదంటే కారణం వేరే ఉంది. జర్మనీలోని బాన్‌లో 2007లో ఒక ప్రయోగం చేశారు. ఇద్దరు మనుషులను పక్కపక్కన మెదడు స్కానర్లలో పడుకోబెట్టి, తెరమీద చుక్కలు ఎన్నో అంచనా వేయమన్నారు. సరిగ్గా చెబితే డబ్బు. ఎవరికెంత వచ్చిందో ఇద్దరికీ కనిపిస్తుంది. తనకు అంతే డబ్బు వచ్చినా, పక్కవాడికి ఎక్కువ వచ్చిందని తెలిసినప్పుడు మెదడులో ప్రతిఫలానికి స్పందించే భాగం తక్కువగా స్పందించింది. పండక్కి ముందు మీకు సరిపోయిన 62,000, ఆ ఫోన్ విస్తరి పక్కకు రాగానే చిన్నదైపోయింది. అసూయపరుణ్ణని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. అందరికీ అలాగే అవుతుంది.

ఆ మొదటి 40,000 ఇంకా పెద్ద దెబ్బ. వోల్‌ఫ్రామ్ షుల్ట్స్ అనే శాస్త్రవేత్త కోతులకు పళ్ల రసం ఇస్తూ, వాటి మెదడులో ప్రతిఫలానికి స్పందించే డోపమైన్ కణాలను గమనించాడు. అనుకోకుండా రసం దొరికితే ఆ కణాలు ఉప్పొంగాయి. కొన్నాళ్లకు రసానికి ముందు వెలిగే దీపం చూస్తేనే ఉప్పొంగడం మొదలైంది. దీపం వెలిగి రసం రాకపోతే, సరిగ్గా అది రావాల్సిన క్షణానికి మామూలు కంటే కిందికి పడిపోయాయి. పొద్దున 9:15కి మార్కెట్ తెరుచుకోగానే మీకు కలిగే ఆత్రం ఆ దీపం లాంటిదే అనిపిస్తుంది నాకు. పోయింది రాబట్టాలన్న తపన, ఆ పడిపోవడాన్ని ఎలాగైనా పూడ్చాలనే ఆరాటం.

ఇక మార్కెట్ సంగతి. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్ కలిపి అలా అంటారు) ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ లెక్క తేల్చింది. అందరి నష్టం కలిపి 1.8 లక్షల కోట్లు దాటింది. ఆ నష్టాల స్క్రీన్‌షాట్లు పండగ భోజనాల దగ్గర ఎవరూ చూపించరు. మీ తోడల్లుడు కూడా ఏడాది మొత్తం లెక్క చూపించి ఉండడు.

ఈ ఆత్రాన్ని మనోబలంతో గెలుద్దామనుకోకండి, దారే మూసేయండి. బ్రోకర్‌కు చెప్పి ఎఫ్ అండ్ ఓ సెగ్మెంట్‌ను డీయాక్టివేట్ చేయించండి. ఫోన్‌లోంచి యాప్ తీసేయండి. జీతం పడిన మర్నాడే 8,000 రికరింగ్ డిపాజిట్‌కు వెళ్లేలా పెట్టండి. ఆరు నెలల ఖర్చు పోగయ్యాక అదే మొత్తాన్ని ఇండెక్స్ ఫండ్ సిప్‌కు (మార్కెట్ సూచీలోని కంపెనీలన్నిటిలో నెలనెలా కొంత పెట్టడం) మార్చండి. ఆదాయపన్ను రిటర్న్ గడువులోపు, వ్యాపార ఆదాయం చూపించే ఐటీఆర్-3 ఫారంలో ఈ నష్టం చూపించండి. జీతంతో సర్దుబాటు కాదు గానీ, ఎనిమిదేళ్ల వరకు వ్యాపార ఆదాయంతో సర్దుకోవచ్చు.

అన్నిటికంటే ముందు మీ ఆవిడకు చెప్పండి. ఆ సాయంత్రం కష్టంగానే గడుస్తుంది, కాదనను. కానీ ఈ లోన్ ఆలోచన పుట్టిందే ఆ విషయం దాచడం వల్ల. ఆమెకు తెలిసిన రోజున, పిల్లలు పడుకున్నాక బ్యాంక్ స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని ఇద్దరూ కూర్చోవచ్చు.