అమెరికా చదువుకు ముందు టీకాల సంగతి: పెద్దమ్మ ఉత్తరం

బిడ్డా,

ఆగస్టులో ఎక్స్ఛేంజ్ మీద ఒక సెమిస్టర్ చదవడానికి అమెరికా పోతున్నావని మీ అమ్మ చెప్పింది. మస్తు సంతోషం. వీసా కోసం చిలుకూరులో 11 ప్రదక్షిణలు చేసి వచ్చారట, వీసా వచ్చినంక 108 అట. చెయ్యండి, నేను వద్దనను. కానీ యూనివర్సిటీవాళ్ళు మెయిల్లో పంపిన ఇమ్యునైజేషన్ ఫారం తెరిచి చూసిందా అని అడిగితే మీ అమ్మ దగ్గర జవాబు లేదు. నా నౌకరీ అంతా పిల్లల దవాఖానాలో టీకాల గదిలోనే గడిచింది. రిటైరైనా మన గల్లీ పిల్లలు ఈ ఫారాలు పట్టుకుని నా దగ్గరికే వస్తారు. సొంత బిడ్డవు, నువ్వే అడగకపోతివి. అందుకే రాస్తున్నా.

ఈ టీకాలు అడిగేది వీసా ఆఫీసు కాదు. స్థిరపడటానికి పోయేవాళ్ళకు చేసే మెడికల్ పరీక్ష స్టూడెంట్ వీసాలకు మామూలుగా ఉండదు. అందుకే వీసా చేతికొస్తే అంతా అయిపోయిందనుకుంటారు. అడిగేది యూనివర్సిటీ, చాలాచోట్ల దాని వెనక ఆ రాష్ట్రం చట్టం. న్యూయార్క్ రాష్ట్రంలో 1957 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టి, 6 క్రెడిట్లు, అంతకు మించి చదివేవాళ్ళు తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాకు రక్షణ ఉందని కాయితం చూపాలి. టెక్సస్‌లో 22 ఏళ్ళు నిండనివాళ్ళు మెనింజైటిస్ (మెదడు పొరలకు వచ్చే వాపు జబ్బు) టీకా గత 5 ఏళ్ళలో వేయించుకుని ఉండాలి, అదీ క్లాసులు మొదలవడానికి కనీసం 10 రోజుల ముందు. కాబట్టి పక్కింటి పిల్లగాడు డల్లాస్ పోయేటప్పుడు రాసుకున్న లిస్టు చూసి నడవకు. నీ యూనివర్సిటీ ఫారం ఏం చెప్తే అదే. ఫారం ఇవ్వకపోతే ఎవరూ కోప్పడరు, మర్యాదగా రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ పెడతారు. కోర్సులు తీసుకోలేక కూర్చుంటావు.

ముందు నీ చిన్నప్పటి టీకాల కార్డు వెతికించు. మీ అమ్మ బీరువాలో బంగారం రశీదుల మధ్య ఉంటుంది. దాని మీద నీ పేరు ఉండదు. ‘బేబీ ఆఫ్’ అని రాసి మీ అమ్మ పేరు ఉంటుంది, అప్పటికి నీకు పేరే పెట్టలేదు. పాస్‌పోర్టులో చూస్తే ఇంటిపేరు ఒక గడిలో, నీ పేరు ఇంకో గడిలో. ఇద్దరూ ఒక్కరేనని అక్కడి క్లర్కుకు ఎట్లా తెలుస్తుంది? కార్డు ఫొటో తీసి అప్‌లోడ్ చేసి ఊరుకోకు. కార్డు, బర్త్ సర్టిఫికెట్, పాస్‌పోర్టు మూడూ తీసుకుని డాక్టరు దగ్గరికి పో. కార్డులో తేదీలు చూసి, పాస్‌పోర్టు పేరుతో యూనివర్సిటీ ఫారం మీద డాక్టరే రాసి, సంతకం, ముద్ర, రిజిస్ట్రేషన్ నంబరు వేయాలి. మీ బాబాయి డాక్టరే కదా అని ఆయన దగ్గరికి ఉరకకు. సొంత చుట్టాల సంతకం ఒప్పుకోని యూనివర్సిటీలు ఉన్నాయి.

అసలు చిక్కు ఎంఎంఆర్ దగ్గర వస్తుంది, అంటే తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా మూడింటికీ కలిపి వేసే టీకా. వాళ్ళకు 2 డోసులు కావాలి. మొదటిది మొదటి పుట్టినరోజు నాడు గానీ ఆ తర్వాత గానీ పడాలి, రెండోది దానికి కనీసం 28 రోజుల తర్వాత. మన దగ్గర తట్టు టీకా 9 నెలలకే వేస్తాం. ఇక్కడ పసివాళ్ళకు తట్టు భయం ఎక్కువ, ఏడాది దాకా ఆగలేం. కానీ ఆ వయసుకు తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు బిడ్డ ఒంట్లో ఇంకా కొంత మిగిలే ఉంటాయి, టీకాను పూర్తిగా పట్టనివ్వవు. అందుకని ఆ డోసు వాళ్ళ లెక్కలోకి రాదు. నీకు 15 నెలలకు ఎంఎంఆర్ పడింది, అది నాకు గుర్తుంది, ఆ ఒక్కటి లెక్క. మరి 2017 ఆగస్టులో స్కూల్లో అందరికీ వేశారు కదా అంటావు. అది ఎంఆర్. తట్టుకు, రుబెల్లాకు మాత్రమే పనిచేస్తుంది, గవదబిళ్ళలకు అందులో ఏమీ లేదు. కాబట్టి గవదబిళ్ళల లెక్కలో నీకు ఒక డోసు తక్కువ.

టీకా ఎందుకు, రక్తంలో యాంటీబాడీలు చూపిస్తే చాలదా అని ఇప్పటి పిల్లలు అడుగుతారు. టైటర్ అంటారే, అది. ఎంఎంఆర్‌కు ఆ దారి వద్దంటాను. మూడు జబ్బులకు మూడు పరీక్షలు, అందులో ఒక్కటి అటూ ఇటూ కాకుండా ‘ఈక్వివోకల్’ అని వచ్చినా మళ్ళీ టీకా తప్పదు. పైగా పాత రక్షణను చూపే ఐజీజీ పరీక్ష చెయ్యమంటే ఐజీఎం చేసి ఇచ్చిన ల్యాబు రిపోర్టులు నా చేతికి వచ్చాయి. ఐజీఎం కొత్తగా సోకిన జబ్బును పట్టేది, పాత రక్షణకు రుజువు కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఎంఎంఆర్ ఒక డోసు ఎక్కువ పడినా నష్టం లేదు. గర్భంతో ఉన్నవాళ్ళు, ఒంట్లో రోగనిరోధకశక్తి బాగా పడిపోయినవాళ్ళు మాత్రం వేయించుకోకూడదు.

ఆటలమ్మ విషయంలో మాత్రం రక్తపరీక్షే మంచిది. నీకు అమ్మవారు పోసినప్పుడు మీ నాయనమ్మ గుమ్మానికి వేపమండలు కట్టింది, కానీ ఆ ముక్క ఫారంలో రాయలేం. వెరిసెల్లా ఐజీజీ పాజిటివ్ వస్తే 2 ఇంజెక్షన్లు తప్పుతాయి. నెగెటివ్ అయితే ఆ టీకా కూడా 4 వారాల ఎడంతో రెండుసార్లు. ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా రెండూ బతికున్న, బలహీనపరిచిన క్రిములతో చేసినవి. ఒకే రోజు రెండు చేతులకు వేయించుకోవచ్చు. ఆ రోజు కుదరకపోతే మధ్యలో 28 రోజులు ఆగాల్సిందే. వారం గడిచాక పోయి రెండోది వేయించుకుంటే అది చెల్లదు. నేనైతే 28 అన్నచోట 30 పెట్టుకోమంటాను, తేదీ లెక్కలో ఒక్క రోజు తేడాకు కూడా డోసు కొట్టేస్తారు.

క్షయ పరీక్షను కూడా ఇదే క్యాలెండర్‌లో ఇరికించాలి. మనకు పుట్టగానే క్షయ టీకా బీసీజీ వేస్తారు, చేతి మీద మచ్చ అదే. దానివల్ల చర్మం మీద చేసే మాంటూ పరీక్షలో ఏ క్రిమీ లేకపోయినా వాపు రావచ్చు. రక్తంతో చేసే క్వాంటిఫెరాన్‌కు బీసీజీతో పేచీ లేదు. ఫారంలో రెండూ చెల్లుతాయని ఉంటే రక్తపరీక్షే ఎంచుకో. కానీ ఎంఎంఆర్ పడిన కొన్నాళ్ళ పాటు ఈ పరీక్షలు ఉన్నదాన్ని లేదని చూపించే వీలుంది. కాబట్టి టీకా రోజునే రక్తం ఇవ్వు, లేదా 4 వారాలు ఆగి ఇవ్వు. పైసలు కట్టేముందు ఒక్క మెయిల్ పెట్టి కనుక్కో. కొన్ని యూనివర్సిటీలు అక్కడికి వచ్చాక వాళ్ళ క్లినిక్‌లో చేసినదే ఒప్పుకుంటాయి, కొన్ని ఇన్ని నెలల లోపలి రిపోర్టే చూస్తాయి. పాజిటివ్ వస్తే ఏడుస్తూ కూర్చోకు. క్రిమి ఎప్పుడో ఒంట్లో చేరి చడీచప్పుడు లేకుండా ఉందని అర్థం, జబ్బు ఉందని కాదు. మన ఊళ్ళో అట్లాంటివాళ్ళు ఎంతమందో. ఛాతీ ఎక్స్‌రే తీయించి, రిపోర్టు ఇంగ్లీషులో తీసుకుని, డాక్టరుతో మాట్లాడాలి.

మిగతావి తొందరగా చెప్పేస్తా. మేకు గుచ్చుకున్నప్పుడు వేయించుకున్న టీటీ పనికిరాదు, వాళ్ళకు కోరింత దగ్గు మందు కూడా కలిసిన టీడాప్ కావాలి, చాలాచోట్ల గత 10 ఏళ్ళలోపుది. హాస్టల్లో ఉండేవాళ్ళను మెనింజైటిస్ క్రిమిలో నాలుగు రకాలకు పనిచేసే ఏసీడబ్ల్యూవై టీకా అడుగుతారు. నాంపల్లి హజ్ హౌస్ నుంచి బయల్దేరే యాత్రికులు వేయించుకునేది కూడా ఈ జబ్బుకే. 16 ఏళ్ళు నిండాక పడిన డోసునే చూస్తారు. హెపటైటిస్ బి 3 డోసులు. నీ కార్డులో లేకపోతే ఇప్పుడే మొదలుపెట్టు. మొదటిదానికి మూడోదానికి మధ్య కనీసం 16 వారాలు ఉండాలి, మార్చిలో మొదలైతే జులైకి తేలుతుంది. సర్కారు దవాఖానాలో ఉండేవి ఎక్కువగా పసిపిల్లల టీకాలే, నీ వయసువాళ్ళకు కావాల్సినవి ప్రైవేటులో కొనాలి. పోయేముందు స్టాకు ఉందో లేదో ఫోన్ చెయ్. సీసా మీది లాట్ నంబరు స్టిక్కరు కార్డు మీద అంటించమను. కంపెనీ పేరు ఒక్కటే రాస్తే అక్కడ అర్థం కాదు, పక్కన ఎంఎంఆర్ అనో టీడాప్ అనో కూడా రాయించు.

తేదీల దగ్గర మాత్రం డాక్టరు పక్కనే నిలబడు. మనం ఆగస్టు 5ను 05/08 అని రాస్తే వాళ్ళు మే 8 అని చదువుతారు. నెల పేరు అక్షరాల్లో రాయమని అడుగు, విసుక్కున్నా సరే.

నీది ఎక్స్ఛేంజ్ మీద పోయేవాళ్ళకిచ్చే జె-1 వీసా అయితే ఇన్సూరెన్స్ కూడా ఆరోగ్య నిబంధనే. ఒక్కో జబ్బుకు, ప్రమాదానికి కనీసం 1,00,000 డాలర్లు, అత్యవసరంగా ఇంటికి తరలించడానికి 50,000, చనిపోతే పార్థివదేహం పంపడానికి 25,000 ఉండాలి. నీ చేతి నుంచి పెట్టుకునేది ఒక్కో జబ్బుకు 500 దాటకూడదు. ఆ మూడో అంకె మీ అమ్మకు చదివి వినిపించకు. ఇక్కడ ఏజెంటు చవకగా ఇస్తానన్న ట్రావెల్ పాలసీ కొనేముందు ఈ అంకెలు అందులో ఉన్నాయో లేదో చూసుకో. చాలా యూనివర్సిటీలు తమ ప్లానే తీసుకోమంటాయి, అప్పుడు రెండుసార్లు కట్టినట్టవుతుంది.

ఫారం పీడీఎఫ్, కార్డు రెండువైపులా ఫొటో నాకు వాట్సాప్ చెయ్. తేదీలు చూసి ఏది ఏ రోజో రాసి పంపిస్తా. ఇంజెక్షన్ల రోజు పరగడుపున రాకు, ఏమన్నా తిని రా. చిన్నప్పటి నుంచి సూది చూస్తే కళ్ళు తిరిగే పిల్లవు.

నీ పెద్దమ్మ