బ్యాటరీ రీసైక్లింగ్ అంటే తుక్కు పనేనా?

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. రొయ్యల చెరువులు చేస్తాను. మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ సెకండియర్. ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీల రీసైక్లింగ్ వైపు వెళ్తానంటోంది. అది తుక్కు పని కదా అని మాకు టెన్షన్‌గా ఉంది. పైగా ఆ బ్యాటరీలతోనే కాలుష్యం ఎక్కువంటున్నారు. ఏ కోర్సులో చేర్చమంటారు?

జవాబు: మీరు విన్నదాంట్లో నిజముందండి. బ్యాటరీ తయారీకి బోలెడు కరెంటు కావాలి. అందుకే తయారయ్యే నాటికి పెట్రోలు కారు కంటే ఎలక్ట్రిక్ కారు లెక్కలోనే ఎక్కువ కార్బన్ ఉంటుంది. నడిచేకొద్దీ ఆ లోటు పూడుతుంది. మన కరెంటులో ఎక్కువ భాగం బొగ్గుది కాబట్టి ఇక్కడ కాస్త ఆలస్యంగా పూడుతుంది. ఈ బ్యాటరీల్లో వాడే లిథియం అనే లోహం కోసం చిలీలోని అటకామా ఎడారిలో భూగర్భపు ఉప్పునీటిని తోడి మడుల్లో ఎండబెడతారు. అసలే నీళ్లు లేని చోటు అది. బ్యాటరీల్లో వాడే మరో లోహం కోబాల్ట్‌లో సగానికి పైగా ఆఫ్రికాలోని కాంగో గనులదే, అక్కడి చిన్న గనుల్లో పిల్లలు కూడా పనిచేస్తున్నారు. ఒకసారి తవ్వి తీసిన లోహాన్ని మళ్లీ మళ్లీ వాడుకునే దారి చూపేవాళ్లు కావాలి. మీ అమ్మాయి ఎంచుకున్న పని అదే.

కెపాసిటీ 70, 80 శాతానికి పడిపోతే ఆ బ్యాటరీని కారు నుంచి తీసేస్తారు, కానీ దానికింకా జీవముంటుంది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయే వేళ కరెంటు పోతే మీరు డీజిల్ జనరేటర్ దగ్గరికి పరుగెత్తుతారు కదా, ఏరియేటర్లు తిప్పే ఆ పనికి ఇలాంటి పాత ప్యాక్‌లను వాడుకోవచ్చు. అయితే ప్యాక్‌లోని ఒక్కో సెల్ (చిన్న బ్యాటరీ) కెపాసిటీ, ఇంటర్నల్ రెసిస్టెన్స్ (లోపల కరెంటుకి ఎదురయ్యే అడ్డు) కొలిచి, ఒకే తీరువాటినే కలపాలి. బలహీనమైన సెల్ ఒక్కటి చేరినా ప్యాక్ మొత్తం దెబ్బతింటుంది, నిప్పంటుకునే ప్రమాదమూ ఉంది. పూర్తిగా అయిపోయినవాటిని డిశ్చార్జ్ చేసి, పొడి కొట్టి, ఆ నల్లటి పొడిని యాసిడ్‌లో కరిగించి నికెల్, కోబాల్ట్, లిథియం విడదీస్తారు. సమ్మెటతో పగలగొట్టే తుక్కు కొట్టుకీ దీనికీ పోలికే లేదు.

ఉద్యోగాల మాటకొస్తే, 2022 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులదే. 2026-27 నుంచి రీసైక్లర్లు 90 శాతం పదార్థాన్ని రాబట్టాలి. కాబట్టి ఈ పని ఎక్కడికీ పోదు. కానీ ఒక జాగ్రత్త చెప్పాలి. ఇప్పుడు జోరుగా వస్తున్న ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) బ్యాటరీల్లో కోబాల్ట్, నికెల్ ఉండవు, అంటే రీసైక్లర్‌కి మిగిలేది తక్కువ. బ్యాటరీ రకం మారితే పద్ధతీ మారుతుంది. అందుకే 'ఈవీ టెక్నాలజీ' అని కొత్త పేరు తగిలించిన బీటెక్‌ల కంటే మెటలర్జీ (లోహాల ఇంజినీరింగ్) గానీ కెమికల్ గానీ మేలని నా గట్టి నమ్మకం. ప్యాక్‌ల పరీక్ష వైపు మనసుంటే ఎలక్ట్రికల్. మీకు దగ్గర్లోనే తాడేపల్లిగూడెం నిట్‌లో ఈ మూడూ ఉన్నాయి, సగం సీట్లు మన రాష్ట్రం పిల్లలకే. జేఈఈ మెయిన్ బాగా రాయించండి. ర్యాంకు రాకపోతే ఈఏపీసెట్‌తో విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో కెమికల్ ప్రయత్నించండి. కెమిస్ట్రీని బట్టీ పట్టకుండా అర్థం చేసుకుని చదవమనండి.

రేపు ఉద్యోగంలో చేరేటప్పుడు ప్లాంటు చూపించమని అడగమనండి. పొగ లాగే ఏర్పాటు ఉందా, యాసిడ్ కడిగిన నీళ్లు శుద్ధి చేస్తున్నారా, నేరుగా కాలువలోకి వదులుతున్నారా అని చూడమనండి. దానికి తిన్నగా జవాబు చెప్పని కంపెనీ ఎంత జీతమిచ్చినా చేరనివ్వకండి.