వెనుక వరుసలో ఆడే అబ్బాయికి ముందున్న దారి

ప్రశ్న: మాది ఖమ్మం. పన్నెండేళ్లుగా మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో ఉంటున్నాం. మా అబ్బాయి పదో తరగతి చదువుతున్నాడు. చిన్నప్పటి నుంచి స్థానిక క్లబ్బులో ఫుటీ, అంటే ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. గోల్ కొట్టడు, ఎప్పుడూ వెనకే ఉంటాడు. ఎత్తు 183 సెంటీమీటర్లు. ఇప్పుడు మా వైపు కుర్రాళ్ల మేటి జట్టు వెస్టర్న్ జెట్స్ ఎంపికలకు రమ్మన్నారు. ఈ ఆటకు దేశంలో అన్నిటికంటే పై లీగ్ అయిన ఏఎఫ్ఎల్‌లో డిఫెండర్ అవుతానని, పదకొండులో లెక్కలు తీసుకోనని పట్టుబడుతున్నాడు. వాళ్లమ్మకు దెబ్బల భయం, నాకు చదువు భయం. ఏం చేయమంటారు?

జవాబు: ఎంపికలకు పంపించండి. లెక్కలు మాత్రం వదలనివ్వకండి. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో చెప్పే ముందు మీరు రాసిన ఒక్క వాక్యం దగ్గర ఆగాలనిపిస్తోంది. ‘గోల్ కొట్టడు, ఎప్పుడూ వెనకే ఉంటాడు’ అన్నారు. అందులో కాస్త చిన్నబుచ్చుకున్నట్టు వినిపించింది. మీరు కబడ్డీ చూస్తూ పెరిగినవారే అయివుంటారు. కూతకు వెళ్లినవాడి పేరు ఊరంతా చెప్పుకుంటుంది. మూలన కాచుకుని ఉండి చీలమండ ఒడిసిపట్టేవాడిని మాత్రం ఆట తెలిసినవాళ్లే గుర్తుపెట్టుకుంటారు. మీ అబ్బాయి పని ఈ రెండో రకం.

మైదానంలో ఒక్కో జట్టుకు పద్దెనిమిది మంది ఉంటే, అందులో ఆరుగురు తమ గోల్ కాచుకునేవారు. ఎదుటివాడు గాల్లోకి లేచి బంతిని చేతుల్లోకి తీసుకుంటే అది మార్క్. అక్కడి నుంచి ఎవరూ అడ్డు రాకుండా తన్నవచ్చు, గోలైతే ఆరు పాయింట్లు. ఆ బంతి చేతికి అందే లోపే పిడికిలితో కొట్టి పక్కకు తప్పించడం డిఫెండర్ మొదటి విద్య. వీపు మీద చేయి వేసి తోస్తే ఫౌల్, అందుకే భుజంతో, తుంటితో, అడుగు వేసే చోటుతో పని జరిపించుకోవాలి. ఇది చేతనైనవాళ్లు రెండో మెట్టు ఎక్కుతారు. బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టి, తాము కాపలా కాస్తున్న మనిషిని వదిలి వెళ్లి, తామే మార్క్ పట్టేస్తారు. ఇప్పుడు క్లబ్బులు వెతుకుతున్నది ఇలాంటివారి కోసమే.

2018 ఫైనల్ చివరి నిమిషాలు వీలైతే మీ అబ్బాయితో కలిసి చూడండి. వెస్ట్ కోస్ట్ ఐదు పాయింట్ల తేడాతో కాలింగ్‌వుడ్‌ను ఓడించిన ఆట అది. గెలిపించిన గోల్ డొమ్ షీడ్‌ది. గీత పక్కనుంచి, అంత ఇరుకు కోణంలో కొట్టాడు కాబట్టి ఇప్పటికీ దాని గురించే మాట్లాడుకుంటారు. కానీ ఆ బంతి ప్రయాణం మొదలైంది వెనుక వరుసలో జెరెమీ మెక్‌గవర్న్ పట్టిన మార్క్‌తో. ఆ మెక్‌గవర్న్‌ను క్లబ్బు తీసుకున్నది, క్లబ్బులు వరసగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే అసలు డ్రాఫ్టులో కాదు, మిగిలినవారి కోసం జరిపే రూకీ డ్రాఫ్టులో. తర్వాత ఐదుసార్లు ఆల్ ఆస్ట్రేలియన్ జట్టుకు, అంటే ఏటా లీగ్ మొత్తంలోని మేటి ఆటగాళ్లతో ప్రకటించే జట్టుకు ఎంపికయ్యాడు.

ఇప్పుడు అవకాశాల అంకెలు చూద్దాం. లీగ్‌లో పద్దెనిమిది క్లబ్బులున్నాయి, 2028లో టాస్మానియా చేరుతుంది. ఒక్కో క్లబ్బులో నలభై మందికి కాస్త అటూ ఇటూగా ఆటగాళ్లుంటారు. దేశమంతటి నుంచి ఏటా నవంబరు డ్రాఫ్టులో వినిపించే కొత్త పేర్లు 60, 70 చుట్టూ ఉంటాయి. వాళ్లలో డిఫెండర్లు కొందరే. వెస్టర్న్ జెట్స్ వంటి జట్టులో చోటు దొరకడమే గొప్ప, అయినా అక్కడ ఆడేవారిలో ఎక్కువ మంది ఆ జాబితాకు చేరరు. చేరినవారికి కూడా మొదట దొరికేది రెండు మూడేళ్ల ఒప్పందమే, ఆ గడువులో వెనక్కి వచ్చేసేవారు చాలామంది. మీ ఇంట్లో ఈ విషయం దాచకుండా మాట్లాడుకోండి. పదహారేళ్ల పిల్లవాడు నిజాన్ని తట్టుకోగలడు. అతన్ని కుంగదీసేది పెద్దవాళ్లు నమ్మకం లేకపోయినా ఉన్నట్టు నటించడం.

అయితే డిఫెండర్లకు కాలం కొంచెం అనుకూలంగా ఉంటుంది. గోల్ కొట్టడానికి వచ్చే తొంభై ఐదు కిలోల ఫార్వర్డ్‌ను కాచాలంటే ఒళ్లు గట్టిపడాలి, అది పద్దెనిమిదేళ్లకు రాదు. బంతి గమనం చదవడం వందల ఆటలు ఆడితే తప్ప రాదు. అందుకే ఆలస్యంగా వచ్చి స్థిరపడినవారు వెనుక వరుసలో తరచుగా కనిపిస్తారు. జీలాంగ్ క్లబ్బు టామ్ స్టూవర్ట్‌ను 2016 డ్రాఫ్టులో తీసుకునేటప్పటికి అతనికి ఇరవై మూడేళ్లు. తర్వాత ఐదుసార్లు ఆల్ ఆస్ట్రేలియన్ అయ్యాడు. అలీర్ అలీర్ కెన్యాలోని కకుమా శరణార్థి శిబిరంలో పుట్టి, పిల్లవాడిగా ఆస్ట్రేలియా వచ్చి, ఇక్కడే ఈ ఆట నేర్చుకుని, పోర్ట్ అడిలైడ్ డిఫెండర్‌గా 2021లో ఆల్ ఆస్ట్రేలియన్ జట్టులో నిలిచాడు. జాక్ టువీ ఐర్లండ్‌లో గేలిక్ ఫుట్‌బాల్ ఆడుతూ పెరిగి, ఇక్కడికి వచ్చాక ఈ కోడిగుడ్డు ఆకారపు బంతి తన్నడం నేర్చుకున్నాడు. 2022లో జీలాంగ్ గెలిచిన ఫైనల్లో ఆడాడు. కాబట్టి పద్దెనిమిదేళ్లప్పుడు పేరు పిలవకపోతే అంతా అయిపోయిందని మీరు గానీ అతను గానీ అనుకోనక్కర్లేదు. వీఎఫ్ఎల్ వంటి రెండో అంచె పోటీల్లో ఆడుతూ, వారంలో ఉద్యోగమో చదువో చేసుకుంటూ ఎదురుచూసే దారి ఉంది.

ఎత్తు గురించి. నూట ఎనభై మూడు సెంటీమీటర్లు ఇంకా పెరగవచ్చు, పెరగకపోవచ్చు. ఈ రోజుల్లో గోల్‌కు సరిగ్గా ముందుండే ఫుల్‌బ్యాక్ స్థానంలో పొడుగు ఫార్వర్డ్‌లను కాచేవారు ఎక్కువగా 193 దాటినవారే. కాబట్టి ఇప్పుడున్న ఎత్తుకు సరిపడేది హాఫ్‌బ్యాక్ స్థానం, అంటే బంతిని తన గోల్ దగ్గర నుంచి పట్టుకొచ్చి దాడిగా మార్చేవాడు. ఆ చోట అన్నిటికంటే ముందు చూసేది తన్ను కచ్చితత్వం. మీకు దగ్గర్లోనే, ఫుట్‌స్క్రేలోని వెస్టర్న్ బుల్‌డాగ్స్‌కు ఆడిన కేలెబ్ డేనియల్ ఎత్తు 171 సెంటీమీటర్లు. బంతిని అనుకున్న మనిషి ఛాతీకి చేర్చగల నేర్పుతో 2016లో కప్పు గెలిచిన జట్టులో ఉన్నాడు, 2020లో ఆల్ ఆస్ట్రేలియన్ అయ్యాడు. మీ అబ్బాయి ఏ కాలితో తన్నుతాడో అది కాక, రెండో కాలికి రోజూ అరగంట పని చెప్పమనండి. బరువులెత్తడం కంటే ఈ వయసులో అదే ఎక్కువ ఉపయోగం.

వాళ్లమ్మగారి భయాన్ని ‘ఆటల్లో దెబ్బలు మామూలే’ అని కొట్టిపారేయకండి. ఆమె భయపడటంలో న్యాయముంది. మోకాలు తిరిగితే ఏడాది పోతుంది. రిచ్‌మండ్ మేటి డిఫెండర్ అలెక్స్ రాన్స్ 2019 మొదటి ఆటలోనే మోకాలి గాయంతో ఆగి, ఆ ఏడాది చివర్లో ముప్ఫై ఏళ్లకే ఆట మానేశాడు. అంతకంటే పెద్ద విషయం తలకు తగిలే దెబ్బ. ఆకాశంలోని బంతి మీద కళ్లు పెట్టి వెనక్కి పరిగెత్తడం డిఫెండర్ పనిలో భాగం, ఎదురుగా ఎవరు వస్తున్నారో కనిపించదు. సెయింట్ కిల్డాకు ఫుల్‌బ్యాక్‌గా ఆడి కెప్టెన్ అయిన డానీ ఫ్రాలీ 2019లో మరణించాక, ఆయన మెదడులో పదేపదే తగిలిన దెబ్బల వల్ల వచ్చే సీటీఈ అనే జబ్బును గుర్తించారు. మెల్‌బోర్న్ ఆటగాడు ఆంగస్ బ్రేషా 2024లో ఇరవై ఎనిమిదేళ్లకే, పైన చెప్పిన మెక్‌గవర్న్ 2025లో, తలదెబ్బల కారణంగానే వైద్యుల సలహాతో ఆట ఆపేశారు.

ఇవి చెప్పి మిమ్మల్ని బెదిరించాలని కాదు. మీ చేతుల్లో ఉన్నది ఏమిటో చెప్పాలని. తలకు దెబ్బ తగిలిందని అనుమానం వస్తే క్లబ్బు స్థాయిలో కనీసం 21 రోజులు ఆటకు దూరంగా ఉండాలి. ఎంపిక పోటీల సమయంలో పిల్లలు తలనొప్పిని దాచుకుంటారు. ఎక్కడ చోటు పోతుందోనని వాంతిని కూడా దాచుకున్న పిల్లవాడిని నేను చూశాను. అలా దాచనని మీ అబ్బాయి చేత ఈ వారమే మాట తీసుకోండి. బదులుగా, నిజం చెప్పినందుకు ఆట మాన్పించబోమని మీరూ మాట ఇవ్వండి. రెండో మాట లేకుండా మొదటిది నిలవదు. ఒకటికి మించి అలాంటి దెబ్బలు తగిలితే ఆడాలా వద్దా అన్నది కోచ్ నిర్ణయం కాకూడదు, నరాల వైద్యుడిని అడగాలి.

డబ్బు గురించి అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. 2023లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఏఎఫ్ఎల్ ఆటగాడి సగటు ఆదాయం 2027 నాటికి ఏడాదికి ఐదు లక్షల డాలర్లు దాటుతుంది. మొదటి ఏళ్లలో ఉన్నవారికి దొరికేది అందులో చిన్న భాగమే. ముప్ఫై ఏళ్ల లోపు ముగిసిపోయే సంపాదన అని గుర్తుంచుకుని లెక్క వేసుకోవాలి.

చదువు విషయానికి వద్దాం. చిక్కంతా పన్నెండో తరగతిలో ఉంది. డ్రాఫ్టుకు అర్హత వచ్చే ఏడాది, వీసీఈ (విక్టోరియాలో పదకొండు, పన్నెండు తరగతుల చదువు) చివరి ఏడాది ఒకటే. అక్టోబరులో డ్రాఫ్టు కోసం శారీరక సామర్థ్య పరీక్షలు, ఆ వెంటనే వీసీఈ పరీక్షలు, నవంబరులో డ్రాఫ్టు. ఈ మూడింటి మధ్య నలిగిపోయే పిల్లలను చూస్తూనే ఉన్నాను. దీనికి ముందుచూపే విరుగుడు. ఒకటి రెండు సబ్జెక్టుల మూడో, నాలుగో యూనిట్లు, అంటే మామూలుగా పన్నెండులో చదివే భాగం, పదకొండులోనే పూర్తి చేసే వీలు ఉంది, ఆ మార్కులు యూనివర్సిటీ సీట్లకు చూసే ఆటార్ ర్యాంకులో కలుస్తాయి. అప్పుడు చివరి ఏడాది బరువు తగ్గుతుంది. శారీరక విద్య ఈ ఏర్పాటుకు అనువైన సబ్జెక్టు, అతనికి ఇష్టమూ ఉంటుంది. మ్యాథమెటికల్ మెథడ్స్ మాత్రం రెండేళ్లూ కొనసాగించాలి. ఇంజనీరింగుకు, సైన్సు వైపు చాలా కోర్సులకు అది అడుగుతారు. ఇప్పుడు వదిలేస్తే తర్వాత తిరిగి అందుకోవడం కష్టం. యూనివర్సిటీ సీటు వచ్చాక ఒక ఏడాది వాయిదా వేసుకోవచ్చు, పైస్థాయి క్రీడాకారులకు నెమ్మదిగా చదువుకునే వెసులుబాటు ఇచ్చేవీ ఉన్నాయి.

మరొక సంగతి. 2016 నుంచి క్లబ్బులు నెక్స్ట్ జనరేషన్ అకాడమీలు నడుపుతున్నాయి. ఆదివాసీ పిల్లలతో పాటు ఆసియా, ఆఫ్రికా మూలాలున్న కుటుంబాల పిల్లలనూ తీసుకుంటారు. మీ ప్రాంతం ఏ క్లబ్బు కిందకు వస్తుందో, మీవాడికి అర్హత ఉందో లేదో జెట్స్ శిక్షకులనే అడగండి. మనవాళ్లు చాలామంది ఈ తలుపు ఉందని తెలియక తట్టరు.

వచ్చే శనివారం ఆటకు వెళ్లినప్పుడు ఎప్పటిలా మధ్య గీత దగ్గర కాకుండా, మీ అబ్బాయి కాచే గోల్ వెనక నిలబడండి. అతను పిడికిలితో తప్పించిన బంతులు, తోటివారికి అరిచి చెప్పిన మాటలు, తను కాచిన అబ్బాయి కొట్టలేకపోయిన గోల్స్ ఒక కాగితం మీద రాసుకోండి. ఇంటికి వచ్చాక సబ్జెక్టుల ఫారంతో పాటు ఆ కాగితాన్ని కూడా అతని ముందు పెట్టి మాట్లాడండి.