గుమ్మడికాయ కేక్ మీద గ్లేజ్ ఎందుకు నిలవలేదంటే

గ్లేజ్, అంటే కేక్ మీద పోసే తియ్యటి పూత, అంతా జారిపోయి ప్లేట్‌లో మడుగు కట్టింది, కేక్ మధ్యలో ముద్దగా ఉంది అన్నారు కదా, రెండూ వేర్వేరు తప్పులండీ.

ముద్దకి కారణం గుమ్మడికాయ గుజ్జులోని నీళ్లు. ఇంట్లో ఉడికించిన గుజ్జయితే పల్చటి గుడ్డలో కట్టి ఓ గంట వేలాడదీయండి, ఎంత నీరు కారుతుందో చూస్తే మీకే ఆశ్చర్యమేస్తుంది. 175 డిగ్రీల దగ్గర బేక్ చేసి, మధ్యలో పుల్ల గుచ్చితే పచ్చిపిండి అంటకూడదు, ఒకటీ రెండూ పొడి ముక్కలు అంటుకుంటే పర్వాలేదు.

ఇక గ్లేజ్. వేడి కేక్ మీద పోశారు, అదే కొంప ముంచింది. నేనూ మొదట్లో ఆగలేక అదే పని చేసేదాన్ని. అడుగున చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా అనిపించకూడదు, అంటే కనీసం గంటన్నర, రెండు గంటలు పడుతుంది. 120 గ్రాముల జల్లించిన ఐసింగ్ షుగర్‌లో (మెత్తటి పంచదార పొడి) ముందు ఒక టేబుల్ స్పూన్ పాలే పోయండి, తర్వాత అర టీస్పూన్ చొప్పున కలుపుతూ పోవాలి, స్పూన్ ఎత్తితే జారిన ధార పైన ఓ పది సెకన్లు గీతలా నిలిచి అప్పుడు కలిసిపోవాలి. పల్చబడితే టెన్షన్ వద్దు, ఇంకాస్త షుగర్ వేస్తే సరి.

అన్నట్టు లవంగం పొడి చిటికెడు మించొద్దు, ఎక్కువైతే నాలుక మొద్దుబారి దాల్చినచెక్క రుచే తెలీదు.