తెలుగులో చిన్న ఆన్‌లైన్ ఫాంటసీ ఆట కట్టాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న ఇదండి: అమలాపురం దగ్గర నలుగురు స్నేహితులు, కోనసీమ లంకలు (గోదావరి మధ్య దీవులు) నేపథ్యంగా, పదిమంది ఒకేసారి కలిసి ఆడే ఫాంటసీ ఆటని తెలుగులో చేద్దామనుకుంటున్నారు. మూడు రాజ్యాల మ్యాపు, వందకు పైగా మంత్రాలు కాగితం మీద సిద్ధంగా ఉన్నాయి. ముందు ఏది కట్టాలి, ఆడేవాళ్ళని ఎలా కూడగట్టాలి అని అడిగారు. తెలుగు టెక్స్ట్ ఆటలు, అంటే బొమ్మల్లేకుండా మాటలు టైపు చేసి ఆడేవి, కట్టి, నడిపిన అనుభవంతో చెబుతున్నాను.

ఆ మ్యాపు ప్రస్తుతానికి పక్కన పెట్టండి. జనం ఒకరికొకరు తారసపడే చోటు ముందు కట్టాలి, రాజ్యాలు తర్వాత. బొమ్మల జోలికి కూడా ఇప్పుడే వెళ్ళకండి. ఈ జాతి ఆటల మూలం అక్షరాల ఆటలే. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ యూనివర్సిటీలో రాయ్ ట్రబ్‌షా మొదలుపెట్టి, రిచర్డ్ బార్టిల్ పెంచిన 'మడ్' అనే ఆట మొత్తం టెక్స్టే. తర్వాత బొమ్మలతో వచ్చిన ఆన్‌లైన్ ఆటల్ని కూడా కొద్దిమందే మొదలుపెట్టారు. 1997లో వచ్చిన టిబియా నలుగురు జర్మన్ విద్యార్థుల పని. 2001 జనవరిలో మొదలైన రూన్‌స్కేప్ వెనక గోవర్ సోదరులున్నారు. నలుగురు సరిపోరేమోనన్న బెంగ అక్కర్లేదు.

మొదటి ప్రపంచానికి పాతిక ముప్పై గదులు చాలు. టెక్స్ట్ ఆటలో గది అంటే ఒక చోటు అని అర్థం. రేవు, సంత, సత్రం, కాలువ గట్టు, రెండు కొబ్బరి తోటలు, ఒక లంక, దాని అవతల కోరంగి తరహా మడ అడవి. కొత్తగా వచ్చినవాళ్ళు రేవులోనే కళ్ళు తెరవాలి, చచ్చినవాళ్ళు రేవులోనే లేవాలి, లంకకి వెళ్ళే పంటు (జనాన్ని ఏరు దాటించే పడవ) రేవు నుంచే కదలాలి. పంటుని మూడు నిమిషాలకోసారి నడపండి. ఆ మూడు నిమిషాల్లో రేవులో నిలబడ్డవాళ్ళు మాట్లాడుకుంటారు. 1999లో వచ్చిన ఎవర్‌క్వెస్ట్ ఆటలో ఖండాల మధ్య ఓడల కోసం కాచుకునేవాళ్ళు, పరిచయాలకి అదీ ఒక దారైంది. ఎదురుచూపు పది నిమిషాలైతే మాత్రం ఫోను జేబులో పెట్టేసి వెళ్ళిపోతారు. అసలు ఎదురుచూపే లేకపోతే ఎవరి దారి వారిదే. ముప్పై గదుల్లో పదిమంది ఉంటే తరచూ తారసపడతారు. మూడొందల గదుల్లో అదే పదిమంది ఉంటే ఆట ఖాళీగా ఉందనుకుని మర్నాడు రారు.

పనిముట్టు విషయానికొస్తే, పైథాన్ ప్రోగ్రామింగ్ తెలిస్తే ఎవెనియా అనే టెక్స్ట్ ఆటల ఇంజన్ తీసుకోండి. ఉచితం, సోర్స్ కోడ్ చేతిలో ఉంటుంది, బ్రౌజర్ క్లయింటు దాంతోనే వస్తుంది. పైథాన్ ఇన్‌స్టాలర్ పిప్‌తో ఇన్‌స్టాల్ చేసి, ఆట ఫోల్డరు పుట్టించి, మైగ్రేట్ చేసి (అంటే డేటాబేస్ సిద్ధం చేసి), స్టార్ట్ చేస్తే గంటలోపు ఖాళీ ప్రపంచం లేస్తుంది. పాతకాలపు టెక్స్ట్ కనెక్షన్ టెల్నెట్‌కి 4000, వెబ్ పేజీకి 4001, బ్రౌజర్లో ఆటని సర్వర్‌తో కలిపి ఉంచే వెబ్‌సాకెట్‌కి 4002 పోర్టులు (సర్వర్ తలుపుల నంబర్లు) వాడుతుంది. ఈ మూడింటినీ బయటికి తెరిచి వదిలేయకండి. ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్‌ని కాపలా పెట్టి, వెబ్, వెబ్‌సాకెట్ రెండింటినీ మామూలు సురక్షిత వెబ్ పోర్టు 443 మీదుగానే పంపండి. పేజీ ఒక్కటే 443 మీద పెట్టి, వెబ్‌సాకెట్‌ని 4002లో వదిలేస్తే కాలేజీ వైఫైల్లో మామూలు పోర్టులు తప్ప మిగతావి మూసి ఉన్నచోట పేజీ తెరుచుకుంటుంది, ఆట మాత్రం కలవదు.

ఇక్కడ అందరికీ తగిలే దెబ్బ ఒకటుంది. ఎన్‌జిన్‌ఎక్స్‌లో ప్రాక్సీ రీడ్ టైమౌట్ మామూలుగా 60 సెకన్లు. నిమిషం పాటు తెర మీదికి కొత్త అక్షరం రాకపోతే కనెక్షన్ తెగుతుంది. ఆడేవాళ్ళు సిగ్నల్‌ని తిట్టుకుంటారు గానీ తప్పు మన సెట్టింగుది. ఆ గడువుని గంటకి పెంచి, సర్వర్ నుంచి 30 సెకన్లకోసారి చిన్న పింగ్ పంపండి. తెగినా పాత్రని వెంటనే మాయం చెయ్యకుండా రెండు నిమిషాలు అక్కడే నిద్రపుచ్చండి. మన డెల్టాలో రాత్రిపూట ఆడేవాళ్ళలో రొయ్యల చెరువుల మీద, నీళ్ళలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు కాసేవాళ్ళుంటారు. తెల్లవారుజామున నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఆ వేళ వాళ్ళు నిద్రపోరు. మొబైల్ డేటా మీద గట్టు ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ ఆడేవాళ్ళకి ఆ రెండు నిమిషాలే ఆధారం.

సర్వర్ ఇంట్లో వద్దు. తుపాను వచ్చిందంటే కరెంటు ఎన్నాళ్ళకి వస్తుందో చెప్పలేం. పైగా ఇళ్ళ బ్రాడ్‌బ్యాండుకి చాలాచోట్ల బయటినుంచి చేరే సొంత ఐపీ ఉండదు. ఒక జీబీ ర్యామ్ ఉన్న అద్దె వీపీఎస్ (ఇంటర్నెట్లో అద్దెకి దొరికే సర్వర్) యాభైమందికి సరిపోతుంది.

ఇక అసలు కష్టం తెలుగు. ఈ ఇంజన్లన్నీ క్రియ ముందొచ్చే భాష కోసం రాసినవి. మనవాళ్ళు 'పెట్టెలోంచి కత్తిని తీసుకో' అని కొడతారు. వాక్యంలో చివరి మాటని ముందుకి తెచ్చి, ఆదేశాన్ని విడదీసి అర్థం చేసుకునే పార్సర్‌కి అందించే చిన్న ఫంక్షన్ రాయండి. కొటేషన్ గుర్తుతో మొదలైన వాక్యాన్ని ముట్టుకోకూడదు, అది పాత్ర పలికే మాట. తర్వాత విభక్తులు. పొడుగువి ముందు తీయాలి: లోంచి, నుంచి, తర్వాతే లో, తో, కి, కు, ని, ను. గుడ్డిగా కోస్తే 'గని' కాస్తా 'గ' అయిపోతుంది, 'పని' 'ప' అవుతుంది. అందుకని గదిలో ఉన్న వస్తువుల పేర్లతో మాటని మొత్తంగా ఒకసారి పోల్చి, దొరక్కపోతేనే తోక తీయండి. సున్నాతో ముగిసేవాటికి ఒక సూత్రం చాలు: గుర్రం, గుర్రాన్ని, గుర్రానికి. ఇల్లు–ఇంటి, ఏరు–ఏటి, రాయి–రాతి, చెయ్యి–చేతి లాంటివాటికి సూత్రం వెతక్కండి. వస్తువు తయారుచేసేటప్పుడే ఆ రూపాన్ని మారుపేరుగా రాసేయండి. సగంమంది ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతారు, అందులోనూ ఒక్కొక్కరిది ఒక్కో స్పెల్లింగు. రెట్టించిన అక్షరాలు ఒకటి చేసి, 'త' కోసం వాడే రెండు పద్ధతుల్నీ (t, th) ఒకటిగా లెక్కేస్తే చాలావరకు కుదురుతుంది.

తెర మీద కనపడే వాక్యాల్లో లింగం, మర్యాద రెండూ ఇబ్బంది పెడతాయి. 'వచ్చాడు', 'వచ్చింది' అని రెండు మూసలు పెట్టుకుని ప్రతి చోటా షరతులు రాయడం కంటే అందరికీ 'వచ్చారు' అనేయండి. కోడ్ సగం తగ్గుతుంది, మన గోదావరి జిల్లాల మర్యాదకీ సరిపోతుంది. రాక్షసుడికి మాత్రం 'వచ్చాడు' ఉంచండి, ఎవరు శత్రువో చదవగానే తెలుస్తుంది. పేర్లకి విభక్తి తగిలించేటప్పుడు చివరి గుణింతం చూడండి: గుడి గానీ గుడిదీర్ఘం గానీ ఉంటే కి, ని, లేకపోతే కు, ను. రవికి, రవిని, సోముకు, సోమును. రేవులో పంటు నడిపే సరంగు, సంతలో అమ్మేవాళ్ళు పుస్తకాల భాష మాట్లాడకూడదు. 'ఆయ్, ఎక్కండి, కదిలిపోతంది' అనాలి. ఆ మాటలు మీ ఇళ్ళలో పెద్దవాళ్ళ చేత చదివించి దిద్దుకోండి.

పాత్రల పేర్లకి అక్షరాల హద్దు పెట్టేటప్పుడు బైట్లు లెక్కపెట్టొద్దు. 'స్త్రీ' కంటికి ఒకే అక్షరం, లోపల ఆరు యూనికోడ్ గుర్తులు, యూటీఎఫ్-8లో 18 బైట్లు. బైట్ల లెక్కన కోస్తే పేరు చివర ప్రశ్నార్థకాలు మిగులుతాయి. ఇంకొకటి, కంటికి కనపడని జీరో విడ్త్ గుర్తు ఇరికించి ఇంకొకరి పేరులాగే కనిపించే పేరు పెట్టుకుని మోసం చేస్తారు. పేరు నమోదులోనే ఆ గుర్తుల్ని తీసేసి, ఒకే అక్షరాన్ని ఎలా కొట్టినా ఒకే రూపంలోకి తెచ్చే ఎన్‌ఎఫ్‌సీ నార్మలైజేషన్ చేసి, అప్పుడు ఉన్న పేర్లతో పోల్చండి. టెర్మినల్ కిటికీల్లో తెలుగు ఒత్తులు సరిగ్గా కూర్చోవు కాబట్టి నిలువు వరుసల పట్టికలు మానేసి, బ్రౌజర్ క్లయింటునే అసలు దారిగా ప్రకటించండి.

డబ్బు లెక్క మొదటి రోజునే వేసుకోవాలి. ఒక పీతని చంపితే 5 కాసులు అనుకుందాం, గంటకి 60 పీతలు, అంటే 300. పదిమంది రోజుకి రెండేసి గంటలు ఆడితే 6,000 కాసులు కొత్తగా పుడతాయి, నెలకి 1,80,000. పంటు ఛార్జీకి 2, కత్తి సానకి 15, సత్రంలో గదికి 20 ఇలా పోయే దారులు లేకపోతే నెల తిరిగేసరికి కొత్తవాడు సంతలో ఏమీ కొనలేడు. పుట్టినదాంట్లో ముప్పాతిక భాగమైనా ఏరోజుకారోజు పోయేలా చూడండి. అలాగని మొత్తం సంపదకి గట్టి హద్దు గీసినా కుదరదు. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ మొదట్లో, వాడిన సరుకు తిరిగి ప్రపంచంలోకి చేరితేనే కొత్త సరుకు పుట్టేలా నడిచింది. జనం పెట్టెల్లో దాచుకున్నారు, ప్రపంచంలో సరుకు నిండుకుంది. అదే ఆటలో జంతువులు మేసి, వేటాడి బతికే జీవావరణం కూడా కట్టారు. జంతువు కనపడగానే ఆటగాళ్ళు చంపేయడంతో దాన్ని తీసేశారు. ఆడేవాళ్ళు మీరు రాసిన నియమాన్ని చూడరు, దానివల్ల చేతికొచ్చేదాన్నే చూస్తారు.

వస్తువుల మార్పిడి ఒకే డేటాబేస్ ట్రాన్సాక్షన్‌లో జరగాలి, అంటే అయితే మొత్తం అవ్వాలి, లేకపోతే ఏదీ కాకూడదు. ఇచ్చినవాడిది ఒకసారి, పుచ్చుకున్నవాడిది ఇంకోసారి సేవ్ చేస్తే మధ్యలో సర్వర్ పడినప్పుడు ఒక కత్తి రెండవుతుంది. ఆ కిటుకు దొరికినవాళ్ళు కావాలనే సర్వర్‌ని పడగొడతారు.

గోదావరి నేపథ్యం అన్నారు కాబట్టి వరదని ఆటలో పెట్టండి, దానంత అందమైన యంత్రాంగం ఇంకోటి లేదు. ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఈ మూడు మెట్లూ ఉన్నవి ఉన్నట్టు తీసుకోండి. మొదటి హెచ్చరికలో పంటు ఆగిపోవాలి, రెండోదానికి లంకలో నేల మీదున్న సామాను కొట్టుకుపోవాలి, మూడోదానికి జనమంతా సత్రం మెట్లెక్కాలి. అందరూ ఒకచోట చేరే రాత్రి అదే, ఆట గురించి జనం నెలల తరబడి చెప్పుకునేది అదే. హెచ్చరికకీ హెచ్చరికకీ మధ్య కనీసం పావుగంట ఉండాలి. ఎవెనియాలో రెండు గదుల మధ్య దారి అంటే రెండు వేర్వేరు వస్తువులు, పోవడానికొకటి, రావడానికొకటి. ఒకటే మూస్తే లంకలోకి వెళ్ళినవాళ్ళు బయటికి రాలేరు. లంకలో లాగౌట్ అయినవాళ్ళు వరద మధ్యలో తిరిగొస్తే రేవులో తేలాలి. వరద తర్వాత జ్వరం పెడతారా, అది ఎక్కడిదాకా పాకుతుందో ముందే హద్దు గీయండి. 2005 సెప్టెంబరులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఒక్క పోరాట స్థలానికి ఉద్దేశించిన రక్తవ్యాధి పెంపుడు జంతువుల ద్వారా పట్టణాలకి పాకి, సర్వర్లు రీసెట్ చేస్తే గానీ ఆగలేదు.

మీ అడ్మిన్ పాత్రల రక్షణ కూడా సర్వర్ రీస్టార్ట్ తర్వాత పరీక్షించండి. 1997 ఆగస్టులో అల్టిమా ఆన్‌లైన్ బీటా పరీక్షలో సృష్టికర్త రిచర్డ్ గ్యారియట్ పాత్ర లార్డ్ బ్రిటిష్‌ని ఒక ఆటగాడు మంటల మంత్రంతో చంపేశాడు. సర్వర్ పడి లేచాక ఆయన రక్షణ మళ్ళీ పెట్టుకోలేదు.

అభిమానుల సంగతి. మొదటి ఇరవైమందిని ఏరి పిలవండి. బార్టిల్ 1996లో ఆడేవాళ్ళని నాలుగు రకాలుగా విడదీశాడు: సాధించేవాళ్ళు, వెతికేవాళ్ళు, కబుర్లవాళ్ళు, ఇతరుల మీద పడేవాళ్ళు. కాలేజీ గ్రూపుల్లో పిలిస్తే మొదటి రకం, నాలుగో రకం మాత్రమే వస్తారు, వారంలో మిగతావాళ్ళని తరిమేస్తారు. కథలు రాసేవాళ్ళు, బొమ్మలు వేసేవాళ్ళు, ఊరికే మాట్లాడ్డానికి వచ్చేవాళ్ళు ఆ ఇరవైలో సగం ఉండాలి. వాట్సాప్ గ్రూపు కబుర్లకే. బగ్గులు అక్కడ చెబితే మునిగిపోతాయి, వాటికి ఒక షీటు పెట్టండి: ఏ గది, ఏం కొట్టారు, ఏం వచ్చింది, ఏం రావాలి. చెప్పినవాళ్ళకి రెండు రోజుల్లో జవాబు రావాలి, 'చూస్తాం' అన్నా సరే. మార్పులన్నీ వారానికోసారి, ఒకే రోజున, తెలుగులో రాసి పెట్టండి. ముఖ్యంగా తగ్గించినవి. చెప్పకుండా తగ్గించిన కత్తి బలం గురించి నెల రోజులు గొడవ జరుగుతుంది.

అభిమానులు ఇచ్చే కథలు, బొమ్మలు ఎవరివో, ఆటలో వాడుకోవచ్చో ముందే రాతపూర్వకంగా ఒప్పుకోండి. వాలంటీర్లకి డ్యూటీ గంటలు, పై అధికారులు, సెలవు చీటీలు పెట్టకండి. అల్టిమా వాలంటీర్లు 2000లో మాది ఉద్యోగమే, జీతం ఇవ్వాలని కోర్టుకెక్కారు. పెద్ద మార్పులకి ఓటు పెట్టడం మంచిదే. 2013లో మొదలైన ఓల్డ్ స్కూల్ రూన్‌స్కేప్ మొదట్లో కొత్త అంశం చేర్చాలంటే ఓటేసినవాళ్ళలో 75 శాతం ఒప్పుకోవాలని పెట్టుకుంది. అసలా ఆట నిలబడింది కూడా 2007 ఆగస్టు నాటి బ్యాకప్ దొరకబట్టే. మీరూ రోజూ రాత్రి డేటాబేస్ కాపీ వేరే ఊరి మెషీన్లో పడేలా చేసి, నెలకోసారి దాన్ని ఖాళీ సర్వర్లో లేపి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని లెక్కలో వేసుకోకండి.

కాసుల్ని రూపాయల్లోకి మార్చే దారి ఏ రూపంలోనూ వద్దు. 2025 కేంద్ర చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించింది. కోడిపందెం లాంటిది ఆటలో పెట్టాలనిపించినా ఆట కాసులు దాటనివ్వకండి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వాళ్ళ వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలి, కాబట్టి ఫోను నంబరు, పుట్టినరోజు అడగడం మానేయండి. పాత్ర పేరు, పాస్‌వర్డు చాలు.

ఆట తెరవడానికి కాలేజీ పరీక్షలయ్యాక, ఏప్రిల్ చివర మంచి సమయం. ఆ తర్వాత సంక్రాంతికి హైదరాబాదు, బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళందరూ ఒకేసారి లాగిన్ అవుతారు. ఆ వారానికి వీపీఎస్‌ని రెండింతల ర్యామ్‌కి మార్చి, భోగి ముందురోజు నుంచి కనుమ దాటేదాకా కొత్త కోడ్ ఎక్కించకండి.